కామెంట్లతో బ్యాక్‌లింక్‌లు: పోస్టు చదవడం దగ్గర్నుంచి నిజమైన లింక్ వచ్చేదాకా

"కామెంట్లు పెడితే బ్యాక్‌లింక్‌లు వస్తాయా? వస్తే ఎలా పెట్టాలి?" కొత్తగా సైట్ మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బ్యాక్‌లింక్ అంటే వేరే సైట్ నుంచి మీ సైట్‌కు వచ్చే లింక్. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి విడిగా జవాబు రాస్తూ వచ్చాను. రాసిన ప్రతిసారీ ఏదో ఒక మెట్టు చెప్పడం మర్చిపోతున్నాను. అందుకే మొత్తం పని వరుసగా ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట. కామెంట్‌లో లింక్ పెట్టగానే గూగుల్‌లో ర్యాంక్ పెరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. కామెంట్ వల్ల మీకు ముందుగా దొరికేది పరిచయం. ఆ బ్లాగు నడిపే మనిషికి, అక్కడికి వచ్చే పాఠకులకు మీ పేరు తెలుస్తుంది. రేపు వాళ్లు తమ పోస్టులో తమ ఇష్టంతో మీ పేజీకి లింక్ ఇస్తారు చూడండి, దాన్నే బ్యాక్‌లింక్‌గా లెక్కేసుకోండి. కింద చెప్పిన మెట్లన్నీ అక్కడికి చేరడానికే.

1. ఈ లింక్ ఏం చేస్తుంది, ఏం చేయదు

2005 జనవరిలో గూగుల్ నోఫాలో అనే గుర్తును తెచ్చింది. యాహూ, ఎంఎస్ఎన్ కూడా దానికి మద్దతిచ్చాయి. అప్పట్లో కామెంట్లలో కుప్పలుగా పడుతున్న స్పామ్ లింక్‌లకు ర్యాంకింగ్‌లో ఏ లాభమూ దక్కకూడదని తెచ్చిన గుర్తు అది. వర్డ్‌ప్రెస్ లాంటి బ్లాగు సాఫ్ట్‌వేర్లు కామెంట్లలోని లింక్‌లకు ఆ గుర్తు వాటంతటవే తగిలించడం మొదలుపెట్టాయి.

2019 సెప్టెంబరులో గూగుల్ ఇంకో రెండు గుర్తులు కలిపింది. పాఠకులు పెట్టిన లింక్‌లకు యూజీసీ, డబ్బిచ్చి పెట్టించుకున్న లింక్‌లకు స్పాన్సర్డ్. అప్పటి నుంచి ఈ మూడింటినీ కచ్చితమైన ఆజ్ఞలుగా కాకుండా సూచనలుగా తీసుకుంటామని చెప్పింది. "అంటే నోఫాలో లింక్ కూడా లెక్కలోకి వస్తుందా?" అని చాలామంది ఆశపడుతుంటారు. ఆ ఆశ మీద మాత్రం ప్లాన్ వేసుకోకండి.

ఏదైనా బ్లాగులో కామెంట్ లింక్‌లకు ఏ గుర్తు ఉందో మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి, కామెంట్ పెట్టినవాళ్ల పేరు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ఇన్‌స్పెక్ట్ ఎంచుకోండి. లింక్ కోడ్‌లో రెల్ అనే మాట పక్కన నోఫాలో అనో యూజీసీ అనో కనిపిస్తుంది. ఒకసారి చూసి తెలుసుకుంటే చాలు. "డూఫాలో బ్లాగుల జాబితా" (నోఫాలో గుర్తు తగిలించని బ్లాగుల జాబితా) అంటూ దొరికే వాటి వెంట పడకండి. ఆ జాబితా మీకు దొరికిందంటే స్పామ్ పెట్టేవాళ్లందరికీ దొరికినట్టే. అక్కడ ఒక్కో పోస్టు కింద వందల కొద్దీ చెత్త కామెంట్లు ఉంటాయి. వాటి మధ్య మీ పేరు కనిపించడం వల్ల మీకు నష్టమే.

2. ముందు మీ ఇల్లు సర్దుకోండి

కామెంట్ బాగుందనిపిస్తే పాఠకుడు మీ పేరు మీద నొక్కుతాడు. అలా వచ్చిన మనిషికి సగం కట్టిన సైట్ కనిపిస్తే వెంటనే వెనక్కి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా కామెంట్లలోకి దూకుతారు. అక్కడే సగం శ్రమ వృథా అవుతుంది.

మొదటి కామెంట్ పెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- ఒకే విషయం మీద కనీసం అయిదారు పూర్తి పోస్టులు
- మీరెవరో, ఈ విషయం మీకెలా తెలుసో చెప్పే "నా గురించి" పేజీ
- ఎవరైనా రాయాలనుకుంటే కనబడే ఈమెయిల్ లేదా ఫారం
- హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకునే సైట్, ఫోన్‌లో సరిగ్గా కనిపించే పేజీలు
- వేరేవాళ్లు చూపించుకోవాలనిపించేంత లోతుగా రాసిన ఒక పోస్టు

చివరిది చాలా ముఖ్యం. లింక్ ఇవ్వదగ్గ పేజీయే లేకపోతే ఎంత పరిచయమున్నా ఎవరూ లింక్ ఇవ్వలేరు.

కామెంట్ల కోసం ఒక ఈమెయిల్ పెట్టుకుని, దానితో గ్రావతార్‌లో (ఈమెయిల్‌కు ఫొటోను జతచేసే సేవ) ఖాతా తెరిచి మీ ఫొటో పెట్టండి. వర్డ్‌ప్రెస్ బ్లాగుల్లో చాలాచోట్ల అదే ఫొటో మీ పేరు పక్కన వస్తుంది. బ్లాగరు మిమ్మల్ని గుర్తుపట్టడానికి అది చాలా ఉపయోగపడుతుంది. పేరు కూడా అన్నిచోట్లా ఒకటే వాడండి.

3. ఏ బ్లాగుల్లో పెట్టాలి

వందల బ్లాగులు అక్కర్లేదు. పది, పదిహేను చాలు. వాటిని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోవాలి.

వెతకడానికి నేను వాడే దారులు ఇవి. మీ విషయంలో జనం అడిగే ప్రశ్నను ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. పెద్ద కంపెనీల పేజీలు పక్కన పెట్టి, ఒక మనిషి సొంతంగా రాసే బ్లాగులు ఏరుకోండి. తర్వాత వాటి కింద తెలివైన కామెంట్లు పెట్టినవాళ్ల పేర్ల మీద నొక్కి చూడండి. వాళ్లలో కొందరికి సొంత బ్లాగులుంటాయి. నాకు మంచి బ్లాగులు ఎక్కువగా దొరికింది ఈ రెండో దారిలోనే. అలాగే గూగుల్ అలర్ట్స్‌లో మీ విషయానికి సంబంధించిన మాటలు పెట్టుకుంటే కొత్త పోస్టు కంటపడ్డప్పుడు మెయిల్ వస్తుంది.

దొరికిన ప్రతి బ్లాగునూ ఇలా జల్లెడ పట్టండి:

- గత రెండు నెలల్లో కొత్త పోస్టు వచ్చిందా?
- కామెంట్లకు బ్లాగరు స్వయంగా జవాబిస్తున్నారా?
- పోస్టుల మధ్యలో బయటి సైట్లకు లింక్‌లు ఇచ్చే అలవాటుందా?
- మీ విషయానికి నిజంగా దగ్గరగా ఉందా?
- కామెంట్లలో మందులు, జూదం, అప్పుల ప్రకటనలు లేకుండా శుభ్రంగా ఉందా?

మూడో ప్రశ్నను చాలామంది అడగరు. బయటి లింక్ ఒక్కటి కూడా ఇవ్వని బ్లాగులో మీరు ఏడాది పాటు కామెంట్లు పెట్టినా పోస్టులోకి లింక్ రాదు. అలాంటిచోట నేర్చుకోవడానికి చదవండి, లింక్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి బ్లాగు చిరునామా, రాసేవాళ్ల పేరు, మీరు కామెంట్ పెట్టిన పోస్టు, తేదీ, జవాబు వచ్చిందా లేదా అన్నవి రాసుకోండి. నెల తర్వాత ఎక్కడ ఏం రాశారో గుర్తుండదు. ఈ షీట్ లేకపోతే చేసిన పనే మళ్లీ చేస్తారు.

4. చదవకుండా రాయకండి

పోస్టు మొత్తం చదవండి, కింద ఉన్న కామెంట్లతో సహా. పైన ఇద్దరు చెప్పేసిన మాటే మూడోసారి చెబితే బ్లాగరుకు మీరు చదవలేదని తెలిసిపోతుంది.

చదువుతున్నప్పుడు మూడు చోట్ల ఆగి గుర్తు పెట్టుకోండి. మీకు అర్థం కానిచోట, మీ అనుభవం వేరుగా ఉన్నచోట, ఇంకాస్త చెప్పి ఉంటే బాగుండేదనిపించినచోట. మీ కామెంట్ ఈ మూడింటిలో ఏదో ఒకదాన్నుంచి పుట్టాలి. మూడూ లేకపోతే ఆ పోస్టు వదిలేసి ఇంకోదానికి వెళ్లండి. కామెంట్ పెట్టి తీరాలన్న టెన్షన్ వద్దు.

5. కామెంట్ రాయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే.

*పేరు.* పేరు రాసే గడిలో మీ పేరే రాయండి. "చవకైన కుండీలు" అనో "ఉత్తమ మొక్కల సైట్" అనో రాస్తే బ్లాగర్లు చూడగానే తీసేస్తారు. కామెంట్లలో కీవర్డులు (జనం గూగుల్‌లో వెతికే మాటలు) ఇరికించి లింక్‌లు పెట్టడాన్ని గూగుల్ కూడా తన స్పామ్ నియమాల్లో లింక్ స్పామ్‌కు ఉదాహరణగా చెబుతుంది.

*వెబ్‌సైట్ గడి.* అందులో మీ సైట్ హోమ్ పేజీ చిరునామా ఇవ్వండి. మీ లింక్‌కు ఉన్న సరైన చోటు అదే. ట్రాకింగ్ కోసం తగిలించే యూటీఎం తోకలు అక్కడ వద్దు, అవి ప్రకటనలా కనిపిస్తాయి. కొన్ని బ్లాగుల్లో ఈ గడే ఉండదు. అయినా కామెంట్ పెట్టండి. పేరు గుర్తుంటే మనిషి వెతుక్కుంటూ వస్తాడు.

*అసలు మాట.* మీరు కుండీ మొక్కల గురించి సైట్ నడుపుతున్నారనుకుందాం. వేర్లు కుళ్లకుండా కుండీ అడుగున గులకరాళ్లు పరవమని ఒక బ్లాగరు రాశారు. దాని కింద రోజూ కనిపించే కామెంట్ ఇలా ఉంటుంది:

"చాలా మంచి సమాచారం, ధన్యవాదాలు. నేను కూడా ఇదే విషయం మీద రాశాను, నా సైట్ చూడండి."

ఈ కామెంట్ ఏ పోస్టు కిందైనా అతుకుతుంది. అలా అతికిందంటే అది పనికిరాదు. ఇప్పుడు ఇది చూడండి:

"వివరంగా రాశారండీ. గులకరాళ్ల దగ్గర నా అనుభవం కాస్త వేరు. నేనూ అలాగే వేసి రెండు మొక్కలు పోగొట్టుకున్నాను. సన్నటి మట్టిలోంచి కింద ఉన్న రాళ్ల పొరలోకి నీళ్లు తేలిగ్గా దిగవు. మట్టి బాగా నానిపోయేదాకా పైనే నిలబడతాయి. దాంతో తడి పొర వేర్లకు ఇంకా దగ్గరగా వచ్చేస్తోంది. రాళ్లు తీసేసి మట్టిలోనే పెర్లైట్ కలిపాను, రంధ్రం మీద చిన్న జాలీ ముక్క పెట్టాను. అప్పట్నుంచి ఇబ్బంది లేదు. మీరు వాడిన కుండీలకు అడుగున ఎన్ని రంధ్రాలున్నాయండీ? తేడా అక్కడుందేమోనని అడుగుతున్నాను."

ఇందులో లింక్ లేదు. కానీ ఆ పోస్టు చదివిన వాళ్లకు పనికొచ్చే సంగతి ఉంది. ఎక్కడ విభేదిస్తున్నారో మర్యాదగా చెప్పారు. కారణం చెప్పారు. చివర్లో బ్లాగరు జవాబివ్వదగ్గ ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్న దిద్దుబాటును చర్చగా మారుస్తుంది. తప్పు ఎత్తిచూపినట్టు కాకుండా కలిసి ఆలోచిస్తున్నట్టు వినబడుతుంది.

విభేదించడానికి ఏమీ లేకపోతే ఇంకా దారులున్నాయి. వాళ్లు చెప్పిన పద్ధతి మీరు చేసి చూసి, ఫలితం రాయండి. పైన ఇంకో పాఠకుడు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబివ్వకపోతే మీరివ్వండి. ఈ రెండోది నాకు చాలా ఇష్టమైన దారి. బ్లాగరు పని మీరు కాస్త తగ్గించినట్టవుతుంది, అది వాళ్లు మర్చిపోరు.

*లోపల లింక్ ఎప్పుడు పెట్టవచ్చు?* అరుదుగా. మీ పేజీ లేకపోతే జవాబు పూర్తికాదు అన్నప్పుడు మాత్రమే. ఎవరైనా ఫొటోలు అడిగారు, లేదా కామెంట్‌లో పట్టని పెద్ద పట్టిక చూపించాలి, అలాంటప్పుడు ఒక్క లింక్ ఇవ్వండి. అప్పుడు కూడా ముఖ్యమైన జవాబు కామెంట్‌లోనే ఉండాలి. "పూర్తి వివరాలకు నా సైట్‌కు రండి" అని సగం దాచి పెట్టకండి. ఒక బ్లాగులో మీ మొదటి రెండు మూడు కామెంట్లలో లోపల లింక్ అసలు వద్దు.

6. పోస్ట్ చేశాక

కామెంట్ వెంటనే కనబడకపోతే కంగారుపడి మళ్లీ పెట్టకండి. వర్డ్‌ప్రెస్‌లో మొదటిసారి కామెంట్ పెట్టేవాళ్లను ఆపి ఉంచడం మామూలుగా ఉండే సెట్టింగే. రెండు, అంతకన్నా ఎక్కువ లింక్‌లున్న కామెంట్లు కూడా బ్లాగరు చూసేదాకా ఆగుతాయి. అదే మాట రెండోసారి పెడితే స్పామ్ ఫిల్టర్‌కు అనుమానం వస్తుంది.

వారం గడిచినా రాకపోతే ఆ కామెంట్ స్పామ్‌లో పడిందేమో. అకిస్మెట్ లాంటి ఫిల్టర్లు చాలా బ్లాగులకు కలిపి ఒకేచోట పనిచేస్తాయి. ఒకరు మిమ్మల్ని స్పామ్ అని నొక్కితే దాని ప్రభావం ఇంకోచోట కూడా పడవచ్చు. వరసగా మూడు నాలుగు బ్లాగుల్లో మీ కామెంట్లు మాయమవుతుంటే కొన్నాళ్లు ఆపండి. వెబ్‌సైట్ గడి ఖాళీగా వదిలి ఒక కామెంట్ పెట్టి చూడండి. అకిస్మెట్‌కు రాసి, పొరపాటున ఆపారేమో చూడమని అడిగే వీలు కూడా ఉంది.

జవాబు వచ్చిందా అని రెండు మూడు రోజుల్లో వెళ్లి చూడండి. బ్లాగరు ప్రశ్న అడిగి మీరు పలకకపోతే, అంతదాకా కట్టుకున్న మర్యాద పోతుంది.

7. కామెంట్ నుంచి పోస్టులోని లింక్ దాకా

ఒక బ్లాగరు మీ కామెంట్లకు మూడు నాలుగుసార్లు జవాబిచ్చి, మీ పేరు గుర్తుపడుతున్నారనిపించాక ఈ మెట్టు ఎక్కండి. అంతకన్నా ముందు వద్దు.

మొదటి దారి: మీరే ముందు లింక్ ఇవ్వండి. వాళ్ల పోస్టు మీద మీకున్న ఆలోచనను కామెంట్‌గా కాకుండా మీ సైట్‌లో పూర్తి పోస్టుగా రాసి, వాళ్ల పోస్టుకు లింక్ ఇచ్చి, ఆ సంగతి వాళ్లకు చెప్పండి. తిరిగి లింక్ ఇమ్మని అడగకండి. "నువ్వు నాకు, నేను నీకు" అని ఒప్పందంలా లింక్‌లు మార్చుకోవడం మితిమీరితే గూగుల్ నియమాలకు విరుద్ధం. బాగా రాశారనిపిస్తే వాళ్లే తర్వాతి పోస్టులో మీ మాట ఎత్తుతారు.

రెండో దారి: వాళ్ల పోస్టుల్లో తెగిపోయిన లింక్‌లు చూపించడం. పాత పోస్టుల్లో ఇచ్చిన బయటి లింక్‌లు కాలక్రమంలో పనిచేయకుండా పోతుంటాయి. చదువుతూ ఒక్కొక్కటి నొక్కి చూడండి. దొరికితే కామెంట్‌లో కాకుండా మెయిల్‌లో ఇలా రాయండి:

"నమస్కారమండీ. కుండీల పోస్టు కింద గులకరాళ్ల సంగతి రాసింది నేనే. అదే పోస్టులో మట్టి మిశ్రమం గురించి మీరిచ్చిన లింక్ ఇప్పుడు తెరుచుకోవడం లేదు, పేజీ లేదని వస్తోంది. మీ దృష్టికి తెద్దామని రాస్తున్నాను. అదే విషయం మీద నేను ఫొటోలతో ఒక పోస్టు రాశాను, కింద ఇస్తున్నాను. మీ పాఠకులకు పనికొస్తుందనిపిస్తే వాడుకోండి. లేకపోయినా ఫర్వాలేదు."

ఒక్కసారే రాయండి. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మెయిళ్లు పంపకండి.

మూడో దారి అతిథి పోస్టు. "మీ బ్లాగులో రాయనిస్తారా?" అని ఊరికే అడిగితే లాభం ఉండదు. వాళ్ల కామెంట్లలో పాఠకులు పదేపదే అడుగుతున్న ఒక ప్రశ్న పట్టుకుని, దానికి జవాబుగా ఏమేం రాస్తారో నాలుగు వాక్యాల్లో పంపండి. ఇన్నాళ్లూ కామెంట్లు చదివింది ఇక్కడ అక్కరకొస్తుంది. బయటివాళ్లకు తెలియని ప్రశ్నలు మీకు తెలుసు.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారులు

*ఒకే రోజు యాభై కామెంట్లు.* మొదట్లో నేనూ ఒక నెలంతా ఇదే చేశాను. చాలా కామెంట్లు కనబడనే లేదు. కనబడ్డవాటికి జవాబులివ్వడానికి సమయం చాలలేదు. ఇప్పుడు వారానికి నాలుగైదు రాస్తాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

*సాఫ్ట్‌వేర్‌తోనో, డబ్బిచ్చి వేరేవాళ్లతోనో వేలకొద్దీ పెట్టించడం.* ఇది పూర్తిగా మానేయండి. ఇలాంటి లింక్‌ల మీద గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. ఎన్నో సైట్లు ఒక్కసారిగా కిందికి జారిపోయాయి. 2016 నుంచి అది ర్యాంక్‌లు నిర్ణయించే ముఖ్య అల్గారిథమ్‌లోనే కలిసిపోయి నిరంతరం పనిచేస్తోంది. డబ్బులు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, ఇంకా పెట్టవద్దని వాళ్లకు చెప్పండి.

*ఇప్పటికే పెట్టేసిన చెత్త లింక్‌లు.* ముందు సెర్చ్ కన్సోల్ (సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత పనిముట్టు) తెరిచి, గూగుల్ మనుషులు మీ సైట్ మీద తీసుకున్న చర్యలను చూపే మాన్యువల్ యాక్షన్స్ అనే పేజీ చూడండి. అక్కడ హెచ్చరిక ఏమీ లేకపోతే గూగుల్ ఆ లింక్‌లను చాలావరకు పక్కన పెట్టేసి ఉంటుంది. కొత్తవి పెట్టడం ఆపితే చాలు. హెచ్చరిక ఉంటే ఆ బ్లాగర్లకు రాసి కామెంట్లు తీసేయమనండి. తీయించలేనివాటిని, ఈ లింక్‌లను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసవౌ పనిముట్టులో ఇచ్చి, తర్వాత పునఃపరిశీలనకు విన్నవించుకోండి. హెచ్చరిక లేకుండానే భయంతో డిసవౌ వాడితే మంచి లింక్‌లను కూడా మీ చేతులతో మీరే తీసేసుకునే ప్రమాదముంది.

*పోట్లాటలోకి దిగడం.* ఎవరైనా మీ కామెంట్‌ను కటువుగా తోసిపుచ్చితే ఒక్కసారి మర్యాదగా కారణం చెప్పి ఆగండి. ఆ మాటలు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

9. వారం పని, నెల లెక్క

వారానికి రెండు గంటలు పెట్టుకోగలిగితే ఇలా పంచుకోండి:

- గంట: జాబితాలోని బ్లాగుల కొత్త పోస్టులు చదవడం
- నలభై నిమిషాలు: నాలుగైదు కామెంట్లు రాయడం
- ఇరవై నిమిషాలు: వచ్చిన జవాబులకు బదులివ్వడం, షీట్ నింపడం

నెలాఖరున గూగుల్ అనలిటిక్స్ లాంటి సందర్శకుల లెక్క చూపే పనిముట్టులో రిఫరల్ సందర్శకులను, అంటే వేరే సైట్లలోని లింక్ నొక్కి వచ్చినవాళ్లను చూడండి. ఏ బ్లాగు నుంచి ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్లు ఎంతసేపున్నారు అన్నది అక్కడ తెలుస్తుంది. సెర్చ్ కన్సోల్‌లో లింక్‌ల నివేదిక తెరిచి కొత్త సైట్ల పేర్లు ఉన్నాయేమో చూడండి. అందులో నోఫాలో లింక్‌లు కూడా కలిసి వస్తాయి. కాబట్టి ప్రతిదాన్నీ తెరిచి, అది కామెంట్‌లో ఉందా పోస్టు మధ్యలో ఉందా అని చూసి షీట్‌లో విడిగా రాసుకోండి. మీరు లెక్కపెట్టుకోవాల్సింది రెండో రకాన్ని.

మూడు నెలలు గడిచాక జాబితా మళ్లీ చూడండి. ఒక్కసారి కూడా పలకని బ్లాగులు తీసేయండి. పలికినవాళ్లు తమ పోస్టుల్లో ఎవరికి లింక్‌లు ఇస్తున్నారో చూసి, అందులోంచి అంతే సంఖ్యలో కొత్త బ్లాగులు చేర్చుకుని నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.